నన్ను పంపించిన స్వరూప మేడం

లవంగం కొరికితే ముందు నాలుక మొద్దుబారుతుంది, ఆ తర్వాత ఘాటు ముక్కు దాకా ఎక్కుతుంది. మొన్న మధ్యాహ్నం నా గొంతు బొంగురుపోయిందని చూసి, నాతో కలిసి పాఠాలు చెప్పే ఆమె తన డబ్బీలోంచి ఒక లవంగం తీసి ఇచ్చింది. అది పంటి కింద నలగగానే పుణెలోని మా స్టాఫ్ రూము పోయి, ఆర్మూర్‌లో ఒక మేడ మీది తరగతి గది వచ్చింది. బూడిద రంగు కాటన్ చీర, భుజానికి బరువైన సంచి, బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం. స్వరూప మేడం మా డిగ్రీ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పేవారు. ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి చెప్పి ఆమె గొంతు అరిగిపోయింది. అందుకని మెల్లగా మాట్లాడేవారు. ఆమె మాట వినాలంటే మేమే నోరు మూసుకోవాల్సి వచ్చేది.

నేను ఆ కాలేజీలో చేరింది ఇష్టపడి కాదు. మాది ఆలూర్ దగ్గర ఊరు. బాపు పసుపు, మక్కజొన్న వేస్తాడు. ఇంటర్ అయ్యాక హైదరాబాద్ వెళ్ళి చదవాలనుకున్నాను. మార్కులు కూడా వచ్చాయి. సరిగ్గా అప్పుడే అమ్మకు కడుపులో గడ్డ ఉందని తేలి ఆపరేషన్ అయింది. ఇంట్లో వండేవాళ్ళు లేరు, అమ్మను కనిపెట్టుకుని ఉండేవాళ్ళు లేరు. ఎవరూ నన్ను ఆగమని అనలేదు, నేనూ వెళ్తానని అనలేదు. పొద్దున వంట చేసి, అమ్మకు మందులు ఇచ్చి, ఆటోలో ఆర్మూర్ వెళ్ళి సాయంత్రానికి తిరిగి రాగలిగిన కాలేజీ అదొక్కటే. బి.ఏ.లో చేరాను.

మొదటి నెలలోనే ఒకరోజు మేడం పుస్తకం మూసేసి, "ఇయ్యాల కాలేజికి వచ్చేటప్పుడు తొవ్వల ఏం చూసిండ్రో చెప్పండి. ఇంగ్లిష్‌ల చెప్పాలె. తప్పులు నేను చూసుకుంట," అన్నారు. ఎవరూ లేవలేదు. ఆ మౌనం భరించలేక నేను లేచాను. మా ఆటోకు ఎదురుగా పసుపు బస్తాల ట్రాక్టర్ ఒకటి వచ్చింది. దాని మీద కూర్చున్నది మా ఊరి రైతే. క్రితం రోజు మార్కెట్‌కు తీసుకుపోయిన బస్తాలను అతను అమ్మకుండా వెనక్కి తెస్తున్నాడు. ఇదంతా చెప్పడానికి నా దగ్గరున్న ఇంగ్లిష్ చాలలేదు. "ఫుల్ బ్యాగ్స్ గో, ఫుల్ బ్యాగ్స్ కమ్" అని ఊరుకున్నాను. క్లాసంతా నవ్వింది. మేడం నవ్వలేదు.

"అమ్మకుంట ఎందుకు తెచ్చిండు?" అని అడిగారు.

"తెల్వదు మేడం."

"కనుక్కొని రేపు చెప్పు మమతా."

కనుక్కున్నాను. రేటు దిగిందని, కొన్నాళ్ళు ఆగుదామని ఆయన వెనక్కి తెచ్చుకున్నాడట. అదే రోజు అదే రేటుకు మా బాపు అమ్మేసి వచ్చాడు. మర్నాడు క్లాసులో రెండూ చెప్పాను. మేడం లవంగాన్ని ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చుకున్నారు. "ఒకటే పసుపు, ఒకటే రేటు. ఇద్దరు రెండు తీర్ల చేసిండ్రు. నేను ఇంగ్లిష్ చెప్పేదాన్ని, ఎందుకో నాకు తెల్వది. నువ్వే తెలుసుకొని నాకు చెప్పాలె," అన్నారు. ఒక పెద్ద మనిషి, అందులోనూ టీచరు, తనకు తెలియదని అంత మామూలుగా చెప్పడం నేను అదే మొదటిసారి వినడం. ఆ ప్రశ్న పట్టుకుని ఊళ్ళో చాలామంది రైతులను అడిగాను. ఎవరు ఆగగలరు, ఎవరు ఆగలేరు, ఆగినవాళ్ళకు ఏమైంది అని. విన్నదంతా మేడంకు చెప్పేదాన్ని. నా ఇంగ్లిష్ కుదురుకున్నదీ అలాగే, అర్థశాస్త్రం మీద నాకు ఇష్టం పుట్టిందీ అలాగే.

రెండో ఏడాది చలికాలంలో మేడం నన్ను స్టాఫ్ రూముకు పిలిచారు. ఉత్తరాదిన ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం ఉంది. ఆమెతో చదువుకున్న స్నేహితురాలు అక్కడ పని చేస్తోంది. దేశం నలుమూలల నుంచీ పిల్లలు పోటీపడి చేరే చోటు అది. వేరే కాలేజీల్లో చదువుతున్నవాళ్ళను కూడా ఏటా కొద్దిమందిని రెండో సంవత్సరంలోకి తీసుకుంటారట. ఎంపికైతే, ఇంటి పరిస్థితి చూసి ఫీజు మాఫీ చేస్తారట. నాకు నవ్వొచ్చింది. "గసుంటి కాలేజీ మనకెట్ల వస్తది మేడం?" అన్నాను.

"వస్తదో రాదో వాళ్లు చెప్తరు. అది వాళ్ల పని. అడుగుడు నీ పని. వాళ్ల పని గూడ నువ్వే చేస్తనంటే ఎట్ల?"

దరఖాస్తుతో పాటు, ఇప్పుడున్న కాలేజీ నుంచి ఎందుకు మారాలనుకుంటున్నావో ఒక వ్యాసం రాయాలి. నేను రెండు రోజులు కూర్చుని రాశాను. మా కాలేజీలో లైబ్రరీ గది తాళం తీయరని, సగం సబ్జెక్టులకు లెక్చరర్లు లేరని, గైడ్లు చూసి పరీక్షలు రాస్తామని. అన్నీ నిజాలే. మేడం ఖాళీ క్లాసులో కిటికీ పక్కన నిలబడి అంతా చదివారు. కోప్పడతారేమోనని ఆమెనే చూస్తున్నాను. ఆమె పని చేసే కాలేజీ గురించే కదా రాశాను.

"నువ్వు రాసిన దాంట్ల అబద్ధం లేదు," అన్నారు చివరికి. "కని ఇది చదివినోళ్లకు మా కాలేజి మంచిగ లేదని తెలుస్తది. మమత ఎవలో తెల్వది. నువ్వు గీడ రెండేండ్లు ఉత్తగనే కూసున్నవా?"

"లేదు మేడం."

"మరి ఏం చేసినవో గది రాయి. గీడ నీకు దొరికింది రాయి. ఆ ప్రశ్నతోని ఎంత దూరం పోగలిగినవో రాయి. ఇంక ముందుకు పోవాలంటే గీడ ఎక్కడ ఆగిపోతున్నవో గది రాయి. తిట్టి పోతే వాళ్లకు నీ కోపం కనవడ్తది గంతే."

మళ్ళీ రాశాను. వెనక్కి వచ్చిన బస్తాల గురించి రాశాను, బాపు ఎందుకు ఆగలేకపోయాడో రాశాను. దాన్ని ఆమె చాలాసార్లు దిద్దించారు కానీ, ఒక్క వాక్యం కూడా తాను రాసివ్వలేదు. "నా మాట పెడితే రేపు ఇంటర్వ్యూల నన్ను అడుగుతరా?" అనేవారు.

అసలు కష్టం ఇంట్లో మొదలైంది. అక్కడ రెండో సంవత్సరంలోకే తీసుకుంటారు కాబట్టి, చదివిన ఏడాది ఒకటి పోతుంది. ఇంకొక్క ఏడాది ఆగితే డిగ్రీ చేతికి వస్తుంటే, ఉన్నది వదిలి వెనక్కి పోవడమేంటని బాపు అడిగాడు. ఆ సంగతి మేడంకు చెబితే ఆదివారం నాడు బస్సెక్కి మా ఊరికి వచ్చారు. పసుపు ఉడకబెడుతున్న రోజులు. బాయిలర్ పొగలో, బురద కాళ్ళతో ఉన్న బాపు కండువాతో ముఖం తుడుచుకుని కల్లం గట్టున ఆమెకు కుర్చీ వేయించాడు. ఆమె కుర్చీ పక్కకు జరిపి, అమ్మతో పాటు గోనెసంచి మీద కూర్చున్నారు.

"ఒక ఏడాది పోతదట గద మేడం," అన్నాడు బాపు.

"పోతది. పోదని నేను చెప్ప."

"ఇంత చేసినంక సీటు రాకపోతే?"

"రాకపోతే నా క్లాసుల కూసుంటది. ఇక్కడ సీటు ఎటూ పోదు."

"వచ్చినంక ఆడ చదువుడు దీనితోని కాకపోతే?"

"కష్టమైతది అన్నా," అన్నారు మేడం. "ఆడికి వచ్చే పిల్లలు చిన్నప్పటి సంది ఇంగ్లిష్‌ల చదివినోళ్లు. మొదట్ల ఈమె ఏడుస్తది గూడ. అయినా చదువుతదని నా నమ్మకం. నమ్మకమే, గ్యారంటీ కాదు."

ఆమె పెద్ద పెద్ద మాటలు చెప్పి బాపును ఒప్పిస్తారని ఎదురుచూసిన నాకు అది నిరాశగా అనిపించింది. బాపు తల వంచుకుని మట్టి గీరుతూ కూర్చున్నాడు. అమ్మ అందుకుంది.

"నా ఆపరేషనని దీన్ని గీడ ఆపినం. నాకు మంచిగై ఏడాది దాటింది. ఇంక దేనికి ఆపుతున్నం?"

బాపు ఆమె వైపు చూశాడు. తర్వాత లేచి, బాయిలర్ దగ్గరి మనిషిని మంట తగ్గించమని కేకేసి, "చాయ్ తాగి పోదురు మేడం," అన్నాడు. ఒప్పుకున్నాడని అలా తెలిసింది. అమ్మ మాత్రం మేడం బస్సెక్కేదాకా వదలకుండా, అక్కడ అన్నం దొరుకుతుందా, రొట్టెలేనా అని అడుగుతూనే ఉంది.

తర్వాత కాలేజీ వాళ్ళ సిఫారసు కావాల్సి వచ్చింది. కాలేజీ నడిపే కరస్పాండెంట్ గారికి ఈ సంగతి నచ్చలేదు. మూడో ఏడాదిలో కాలేజీ ప్రచారానికి నా ఫొటో ఫ్లెక్సీ మీద వేయించాలని ఆయన లెక్క. నన్ను పక్కనే నిలబెట్టి మేడంతో, "మీరు జీతం తీసుకునేది మన దగ్గర మేడం. మంచి పిల్లలను మీరే బయటికి పంపిస్తే ఎట్ల?" అన్నారు. ఆమె ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డాను. మేడం గొంతు ఎప్పటిలాగే చిన్నగా ఉంది.

"ఫొటో ఎయ్యండి సార్. ఎక్కడికి పోయిందో గూడ కింద రాయించండి. మన కాలేజిల చదివితే గంత దూరం పోవచ్చని తెలుస్తది. ఇంకా నలుగురు చేరుతరు. ఆపితే ఆ మాట గూడ ఊర్లె తెలుస్తది."

ఆయన నవ్వి సంతకం చేశారు. నేను వెళ్ళాక ఫ్లెక్సీ నిజంగానే వేయించారు. మా ఊరి పేరు తప్పు పడింది కానీ, బాపు దాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నాడు.

ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. మా ఇంట్లో సిగ్నల్ ఉండదని, ఆర్మూర్ పక్కన పెర్కిట్‌లో మేడం అద్దెకుంటున్న ఇంట్లో కూర్చోబెట్టారు. ఆమె మాత్రం బయట మెట్ల మీదికి వెళ్ళి తలుపు వేశారు. తాను కనిపిస్తే నేను ఆమె ముఖం చూస్తానట. మొదటి ప్రశ్న నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడగమన్నాను. రెండోసారీ అర్థం కాలేదు, మళ్ళీ అడగమన్నాను. అలా అడగడం తప్పు కాదని నాకు ఆ మేడ మీది తరగతి గదిలో తెలిసింది. చివర్లో ఒకాయన, మేం తీసుకోకపోతే ఏం చేస్తావన్నారు. సోమవారం నాకు ఇంగ్లిష్ క్లాసుందని, వెళ్తానని చెప్పాను. వాళ్ళు నవ్వారు. మంచికో చెడుకో తెలియలేదు.

ఎండాకాలంలో జవాబు వచ్చింది. అవును అనీ కాదు, కాదు అనీ కాదు. వెయిటింగ్ జాబితాలో పెట్టారు. జూన్ వచ్చింది, వానలు పడ్డాయి, మూడో సంవత్సరం తరగతులు మొదలయ్యాయి. నేను వెళ్ళి కూర్చున్నాను. మేడం ఒక్కరోజు కూడా ఆ ఊసు ఎత్తలేదు, ఓదార్చలేదు. ఎప్పటిలాగే ప్రశ్న అడిగేవారు, ఎవరూ లేవకపోతే నా వైపు చూసేవారు, నేను లేచేదాన్ని. ఆ రోజుల్లో నేను కుంగిపోకుండా ఉన్నానంటే, రేపటికి ఆలోచించుకు రావాల్సిన ప్రశ్న ఒకటి ఆమె రోజూ నాకు మిగల్చడం వల్లే. జూలై చివర్లో ఎవరో చేరలేదని, ఆ సీటు నాకు ఇస్తున్నామని మెయిల్ వచ్చింది. పరుగెత్తుకెళ్ళి చూపిస్తే ఆమె కళ్ళజోడు పెట్టుకుని చదివి, "టికెట్లు దొరుకుతయో లేదో, జల్ది చూడు," అన్నారు. ప్రయాణానికి ముందురోజు మాత్రం నా తల మీద చెయ్యి పెట్టి, "రేపు నేను రాను. నాకు క్లాసున్నది," అన్నారు.

ఆమె బాపుతో అన్నట్టే అక్కడ కష్టమైంది, ఏడ్చాను కూడా. ముందే విని ఉన్నాను కాబట్టి, ఏడుస్తున్నానంటే తప్పు చోటికి వచ్చానని అనుకోలేదు. మెల్లగా నిలదొక్కుకున్నాను. పైచదువులు చదివాను. ఇప్పుడు పిల్లలకు అర్థశాస్త్రం చెబుతున్నాను. రైతులు పంటను ఎప్పుడు అమ్ముతారు, ఎందుకు ఆగలేరు అన్నదాని మీదే నా పరిశోధన.

కిందటేడు నా క్లాసులో అందరికంటే చురుకైన అమ్మాయి వచ్చి, వేరే విశ్వవిద్యాలయానికి మారతానని, సిఫారసు రాయమని అడిగింది. సంతోషంగా రాశాను. ఆ అమ్మాయి తలుపు దాటాక మాత్రం గది వెలితిగా అనిపించింది. ప్రశ్న అడిగితే లేచే మనిషి ఇక ఉండదు. అప్పుడు తట్టింది నాకు, మేడం కూడా అలాంటి మనిషినే పంపించారని. ఫోన్ చేశాను. ఆమె ఇప్పుడు నిర్మల్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. యోగక్షేమాలయ్యాక అడిగాను, "నేను పోయినంక క్లాసుల ఎవలు జవాబు చెప్పేటోళ్లు మేడం?" అని.

ఆమె గుర్తుచేసుకుని చెప్పారు. "కొన్నొద్దులు ఎవ్వలు చెప్పలే. నేనే అడిగి నేనే చెప్పుకున్న. మస్తు బాధయ్యేది. ఆ తర్వాత ఎనుక బెంచి నుంచి ఒకామె లేసింది. మంచిగ చెప్పింది బిడ్డా. నువ్వున్నన్ని రోజులు ఆమెకు లేసే పని పడలే గద. నేను గూడ ఆ దిక్కు చూడలే."

ఆ మాట విన్నప్పటి నుంచి నా అలవాటు ఒకటి మారింది. ప్రశ్న అడిగాక ముందు వరుసలో ఒకమ్మాయి చెయ్యి లేస్తుంది. ఆ అమ్మాయికి కళ్ళతోనే ఆగమని చెప్పి, వెనక బెంచీల వైపు చూస్తూ కాసేపు నిలబడతాను. చాలాసార్లు ఎవరూ లేవరు. అయినా నిలబడతాను.