కడుగు పొడితో నేను చేసిన సబ్బు

ఒక పెద్దమనిషి రెండు చేతులనూ సబ్బుతో మండించిన ఘనుణ్ణి మీరు ఇంతవరకు చూసి ఉండరు. ఆ చేతులు మా మామవి, సబ్బు నాది, తప్పు కూడా పూర్తిగా నాదే. పంచుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు.

అప్పటికి నాకు పెళ్ళై ఏడాది. గుడియాత్తంలో కాపురం, వేలూరులో చెప్పుల కొట్టులో పని. మామకు మోర్ధానా డ్యాం నీళ్ళు పారే అరటితోట ఉంది. మంచివాడే కానీ, నన్ను ఒక్కసారి కూడా "అల్లుడా" అనలేదు. "ఏమప్పా" అనేవాడు, బస్సులో పక్క సీటువాణ్ణి జరగమన్నట్టు. మట్టి ముట్టనివాణ్ణని చులకన. ఆ ఒక్క పిలుపు కోసం నేను ఏ గడ్డి తినడానికైనా సిద్ధంగా ఉన్నాను.

అరటి జిగురు అంటి అంటి ఆయన చేతులు దోసె పెనంలా నల్లగా ఉండేవి. ఒకరోజు ఫోనులో, తోటపని చేసేవాళ్ళు ఇంట్లోనే చేసుకునే గరుకు సబ్బు ఒకటి చూశాను. సబ్బు తురుము, అందులో ఏదైనా గరుకైనది కలుపు, ఉండలు కట్టు. అంతే! మామ ఆదివారం వస్తున్నాడు. శనివారం మా ఆవిడ సరళ నీళ్ళకు వెళ్ళగానే వంటింట్లో చొరబడ్డాను.

రవ్వ డబ్బా ఖాళీ. దాని పక్కన ఇంకో డబ్బా. మా ఇంట్లో మాట తెలుగు, రాత తమిళం. చింతపండు, బెల్లం అని తెలుగు మాటలనే సరళ తమిళ అక్షరాలతో రాసి డబ్బాలకు అంటించేది. ఈ డబ్బా మీద "కడుగు పొడి" అని ఉంది.

"గిన్నెలు కడిగే పొడి!" అనుకున్నాను. మూత తీస్తే ఎంత గరుకో! సాక్షాత్తూ దేవుడే ఆ డబ్బాలో కూర్చుని పిలిచినట్టుంది. చేతులకు ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, ఆపరేషన్ చేసే డాక్టరంత గంభీరంగా, పన్నీరు చల్లి పిసికి లడ్డూల్లాంటి ఉండలు కట్టాను.

ఆదివారం మామ కుళాయి దగ్గర కూర్చుని ఉండ అందుకున్నాడు.

"ఏందప్పా ఇది?"

"మీ కోసమే చేసినాను మామా. గట్టిగా రుద్దండి."

రుద్దాడు. "చీమలు కుట్టినట్టుండాదే?"

"అది పని చేస్తా ఉండాది మామా. ఇంకా రుద్దండి."

పాపం, ఇంకా రుద్దాడు. మరుక్షణం రెండు చేతులూ గాల్లోకి లేపి, "ఐయయ్యో, ఎరియుదప్పా! మంట! మంట!" అని పెరడంతా చుట్టాడు. నేను వెనకాలే చెంబుతో పరుగెత్తాను. సరళ బయటికొచ్చింది.

"ఏం కలిపినావయ్యా దీంట్లో?"

"నీ కడుగు పొడే."

"అది ఆవపొడి! మాంగాయ ఊరగాయకని దంచి పెట్టుకుంటిని!"

తమిళంలో కడుగు అంటే ఆవాలు. పుట్టినప్పటినుంచీ నాకు తెలిసిన మాటే. కానీ కడగడం తప్ప ఇంకేమీ లేని నా బుర్రలో ఆ రోజు ఆవాలకు చోటు దొరకలేదు.

"మిగతావన్నీ తెలుగులో రాసి, దీన్నొక్కదాన్నే తమిళంలో ఎందుకు రాసినావు?"

"కడుగుని కడుగు అని రాయక, తోము అని రాయాల్నా?"

మామ చేతులు పెరుగు గిన్నెలో ముంచి కూర్చున్నాడు. మధ్యాహ్నం మాకు పెరుగు లేకుండా పోయింది, ఆయనకు మంట తగ్గింది. చేతులు బయటికి తీసి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎర్రగా ఉన్నాయి కానీ, నలుపు చాలావరకు పోయింది! నేను తల దించుకుని నిలబడ్డాను.

"అల్లుడా," అన్నాడు.

ఎవరిని పిలిచాడా అని వెనక్కి తిరిగి చూశాను. నేనే!

"ఇంకా ఎన్ని ఉండలుండాయి?"

"నాలుగు మామా. పారేస్తాను, క్షమించండి."

"పారేయొద్దు. పొట్లం కట్టు. నీళ్ళ వంతుకి దినమూ నాతో జగడమాడతాడే, పక్క తోటాయన, ఆయన చేతులు కూడా శానా నల్లగా ఉండాయి."

పొట్లం కట్టానా లేదా అన్నది నా మనస్సాక్షికి వదిలేయండి. మా వంటింటి అటకలన్నింటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ జన్మలోనూ సబ్బు చేయను. ఒకవేళ చేసినా, ముందు కాస్త నాలుక మీద వేసుకుని చూస్తాను.