గుదైబియాలో నేర్చుకున్న మాల్టా వరసలు

గురువారం సాయంత్రాలు... మా చిన్నప్పుడు మాకు అసలైన పండగ అదే. నాన్న బహ్రెయిన్‌లో, అస్కర్ దగ్గరి అల్యూమినియం ఫ్యాక్టరీలో పనిచేసేవారు. షిఫ్టులు, ఓవర్‌టైం... వారమంతా క్యాంపులోనే ఉండి, గురువారం డ్యూటీ దిగాక గుదైబియాలో మా ఫ్లాట్‌కి వచ్చేవారు. కింద వ్యాను ఆగిన చప్పుడు వినగానే నేను మెట్ల దగ్గర నిలబడి "నాన్నా" అని కేక పెట్టేదాన్ని.

అలా ఒక గురువారం కేక పెడితే పై అంతస్తు తలుపు తెరుచుకుంది. తెల్లజుట్టు, పువ్వుల గౌను... ఒక పెద్దావిడ రెయిలింగు మీంచి వంగి "ఈవా, అల్బీ" అన్నారు. 'ఆఁ, నా ప్రాణమా' అని దాని అర్థమట. తర్వాత తెలిసింది.

ఆవిడ పేరు రీటా. మాల్టా దేశం. ఓడల్లో మెకానిక్‌గా తిరిగే బహ్రెయిన్ ఆయన్ని పెళ్లి చేసుకుని అక్కడికి వచ్చారు. ఆయన పోయాక అదే ఫ్లాట్‌లో ఒక్కరే ఉంటున్నారు. పిల్లల్లేరు. వాళ్ల భాషలో 'నన్నా' అంటే అమ్మమ్మో నానమ్మో... ఎవరో పిల్ల తనని పిలుస్తోందనుకున్నారు పాపం.

సంచీ మోసుకుంటూ మెట్లెక్కి వస్తున్న మా నాన్నని చూపించి, మా భాషలో నాన్న అంటే ఈయన అని చెప్పాను. ఆవిడ కాసేపు తేరిపార చూసి, "ఇంత మీసమున్న నన్నాని నేనెప్పుడూ చూడలేదు" అన్నారు ఇంగ్లీషులో.

అప్పటినుంచి స్కూలు నుంచి రాగానే నేను పైకి పోయేదాన్ని. అమ్మకి అప్పుడు ఏడో నెల. ఇంట్లోనే మిషను కుట్టేది... నా గోల తప్పినందుకు తనకీ హాయిగానే ఉండేది.

రీటాగారు పాలు ఎక్కువ పోసిన టీ ఇచ్చి, వాళ్ల మాటలు నేర్పేవారు. అన్నీ వరసలే. 'ఓమ్మ్' అంటే అమ్మ. 'ఓమ్మి' అంటే మా అమ్మ. 'మిస్సియేర్' తండ్రి. 'హబీబా' స్నేహితురాలు. 'హు' అంటే సోదరుడు... అన్నా, తమ్ముడా అని అడిగితే "ఎవరైనా హు" అన్నారు. మాకు వేరువేరు మాటలున్నాయంటే ఆశ్చర్యపోయారు. పిన్ని, పెద్దమ్మ, అత్త అని నేను ఒక్కొక్కటీ చెబుతుంటే, "మాకు వీళ్లంతా త్సీయాలే. మీ చుట్టాల్ని గుర్తుపెట్టుకోవడానికే ఒక బడి కావాలి" అన్నారు.

"మరి మీరు నాకేమవుతారు" అని అడిగాను ఒకసారి.

"జారా" అన్నారు. అంటే పొరుగింటావిడ.

నన్నా అని పిలవనా అంటే వద్దన్నారు. నేను చిన్నబుచ్చుకుని కిందికి వచ్చేశాను. ఆ సంగతి అమ్మ అడిగితే ఆవిడ చెప్పారట... "మా ఆయన ఉన్నన్నాళ్లు ఈ ఇంటినిండా వరసలే. ఆయన పోయాక ఒక్కరూ మెట్లెక్కలేదు. పొరుగు అంటే పొరుగే. అది నిజం, అది చాలు."

తర్వాత కొన్నాళ్లకి, ఒక మధ్యాహ్నం... స్కూలు నుంచి వచ్చేసరికి అమ్మ వంటింటి గట్టు పట్టుకుని వంగి నిలబడి ఉంది. నైటీకి నెత్తురు.

"రీటా ఆంటీని పిల్చుకురామ్మా... మెల్లిగా వెళ్లు, మెట్లు జాగ్రత్త" అంది. ఆ స్థితిలో కూడా.

రీటాగారు చెప్పులు కూడా వేసుకోకుండా దిగి వచ్చారు. రోడ్డు మీద టాక్సీ ఆపి, "యల్లా, యల్లా" అంటూ దారంతా డ్రైవరుని తొందరపెట్టారు. ఆస్పత్రిలో అమ్మని చక్రాల కుర్చీలో లోపలికి తీసుకుపోయారు. కాన్పు గదుల వైపు సొంతవాళ్లని తప్ప పంపరు. తలుపు దగ్గరి గార్డు చెయ్యి అడ్డం పెట్టి, మీరు ఆమెకి ఏమవుతారని అడిగాడు అరబ్బీలో.

"యీన్ ఓమ్మ్‌హా" అన్నారు రీటాగారు. నేను ఆమె తల్లిని.

అరబ్బీకీ మాల్టా మాటకీ అక్కడ పెద్ద తేడా లేదు. గార్డుకి అర్థమైంది. ఆవిడ తెల్లటి ముఖం చూశాడు, నల్లటి నన్ను చూశాడు. వంగి నన్ను హిందీలో అడిగాడు... "యే కౌన్ హై తేరీ?"

నాకు 'జారా' అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆవిడ నేర్పిందే కదా. రీటాగారు నావైపు చూడలేదు, మూసిన తలుపు వైపే చూస్తున్నారు.

"నన్నా" అన్నాను.

అతనికి అది హిందీ 'నానీ'లా వినిపించి ఉంటుంది. తలుపు తీసి ఆవిడని పంపి, నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టాడు.

లోపల జరిగింది అమ్మ తర్వాతెప్పుడో చెప్పింది. నొప్పికి తట్టుకోలేక "అమ్మా" అని అరిచిందట... మనందరం అరిచే అరుపే. రీటాగారు మాత్రం అరిచిన ప్రతిసారీ "ఈవా, ఇక్కడే ఉన్నా" అని బదులు పలికారట. అమ్మ చెయ్యి చివరిదాకా వదల్లేదట.

నాన్న ఫ్యాక్టరీ బట్టల్లోనే పరిగెత్తుకొచ్చారు. కాసేపటికి రీటాగారు బయటికి వచ్చి, నావైపు తిరిగి "హు..." అనబోయి ఆగి, "తమ్ముడు" అన్నారు. స్పష్టంగా. నాన్న గోడకి ఆనుకుని ఏడ్చేశారు.

వాణ్ణి చాలా రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. అమ్మకి రోజూ సూపు తెచ్చింది ఆవిడే. నన్నా అని పిలిస్తే మళ్లీ ఎప్పుడూ వద్దనలేదు.

వాడికి నాలుగేళ్లప్పుడు నాన్న పని అయిపోయి మేం కాకినాడ వచ్చేశాం. ఆవిడ మాల్టాలో చెల్లెలి దగ్గరికి వెళ్లారు. కొన్నాళ్లు ఫోన్లు నడిచాయి... తర్వాత ఆ నంబరు పలకలేదు. తమ్ముడు ఇప్పుడు ఆరడుగులున్నాడు.

ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాను. మా ఎదురు ఫ్లాట్ ఆవిడ పేరు నాకు కొరియర్ డబ్బా మీద చదివాకే తెలిసింది. లిఫ్టులో నవ్వుకుంటాం... అంతవరకే. వరస కలిపి పిలవడం ఎక్కడ ఆగిపోయిందో చెప్పలేను.

మీకూ ఉండే ఉంటారు... ఏ చుట్టరికం లేకుండానే ఇంటిమనిషైపోయినవాళ్లు. వాళ్లని ఏమని పిలిచేవారో ఆ ఒక్క మాట కింద రాయండి. ఏ భాషైనా పర్లేదు.