కవర్ల మీద పరీక్ష ప్రశ్నలు

ఈ సాయంత్రం ఆరు గంటలకు, అంటే పరీక్షకు పదహారు గంటల ముందు, సుజాత నోట్సు రోగుల ఇళ్లకు వెళ్లిపోయింది.

సుజాత మా బీరంగూడ మందుల షాపులో పనిచేస్తుంది. డి.ఫార్మసీ చివరి పరీక్ష పాసైతేనే ఫార్మసిస్టుగా రిజిస్టరవుతుంది. ఆమె చదివే పద్ధతి వేరు. గోళీలు వేసిచ్చే కాగితం కవరు మీద ప్రశ్న రాసి, లోపల చీటీలో జవాబు పెట్టుకుంటుంది. ఆమె టీ తాగి వచ్చేలోగా షాపు యజమాని ఆమె రాసి పెట్టుకున్న కవర్ల కట్టలోంచే తీసి అందరికీ గోళీలు వేసిచ్చాడు.

నేను దగ్గు మందు కోసం నిలబడి ఉండగా ఒక అవ్వ కవరు పట్టుకుని తిరిగొచ్చింది.

“బిడ్డా, ఈ నొప్పి గోళీ ఎవలకు ఇయ్యద్దు అని రాసున్నదట. మా కోడలు సదివి చెప్పింది. మరి నాకెందుకిచ్చిండ్రు?”

“అది నా పరీక్ష ప్రశ్న అవ్వా.”

“మరి జవాబేంది?”

“కడుపుల పుండు ఉన్నోళ్లకు ఇయ్యద్దు.” సుజాత చీటీ చూడకుండానే చెప్పింది.

“నాకున్నది గదా.”

సుజాత గోళీలు వెనక్కి తీసుకుని, డాక్టరుకు చూపించుకొమ్మంది. తన ఫార్మసిస్టు సర్టిఫికెట్‌ను ఫ్రేము కట్టించి గోడకు తగిలించిన యజమాని కౌంటరు తుడవడం మొదలుపెట్టాడు.

“రేపు గీ ప్రశ్నొస్తే నా పేరు రాయి బిడ్డా,” అని అవ్వ వెళ్లిపోయింది.

ఇంకా పదకొండు కవర్లు రావాలి. పరీక్ష రేపు పదింటికి సంగారెడ్డిలో, సుజాత ఎక్కే బస్సు ఎనిమిదింటికి. ఈ రోజు అక్కడ మందులు కొన్నవారు కవరు ఒకసారి చూసుకోండి. మీద ప్రశ్న ఉంటే రేపు పొద్దున ఏడున్నరలోపు షాపుకు తెచ్చివ్వండి. జవాబు మీకే వర్తిస్తే గోళీలు కూడా తెండి.