కన్నీటి సుడి

యుద్ధానికి ముందు మాట. గూళూరులో మా పెదనాన్న గుళ్ళో పూజ ముగించుకుని వచ్చాక గుర్రాల సుడులు చూసేవారు. ఎవరు గుర్రం కొనాలన్నా ముందు మా గుమ్మం ముందు నిలబెట్టాల్సిందే. ఒంటిమీద వెంట్రుకలు చుట్టు తిరిగిన చోట్లను వేలితో తడిమి మేలో కీడో తేల్చేవారు. కంటి కింద సుడి ఉంటే రెండో మాట లేదు. అది కన్నీటి సుడి, యజమాని ఇంట ఏడుపు తప్పదు. ఆ మాట విని మా పొరుగు రైతు తన మంచి గుర్రాన్ని చింతామణి సంతలో వదిలించుకుని నడిచి వచ్చాడు.

తర్వాత పెదనాన్నకు జాతిని మెరుగుపరచాలన్న ఆలోచన పుట్టింది. మా నాటు ఆడ గుర్రాన్ని బెంగళూరులో తెల్లదొరల దండుకు తోలుకుపోయి, వాళ్ళ సీమ గుర్రంతో చూలు కట్టించుకుని వచ్చారు. "తండ్రి ఎత్తు, తల్లి ఓర్పు" అని పదకొండు నెలలు ఊరంతా చెప్పారు. పుట్టినదానికి తండ్రి తల, తల్లి కాళ్ళు వచ్చాయి. అంత పొడవు ముఖాన్ని ఆ పొట్టి కాళ్ళమీద మోయలేక, ఏదో పారేసుకున్నట్టు నేల చూస్తూ నడిచేది. ఇంట్లో నాలాగా తల దించుకుని తిరిగేది అదొక్కటే. నాకు దానిమీద ప్రాణం.

పుట్టు వెంట్రుకలు రాలాక దాని ఎడమ కంటి కింద సుడి తేలింది. ముందు చూసింది నేనే. డైరీలో రాసుకున్నానే గాని నోరు విప్పలేదు. చెబితే అదీ సంతకే పోతుంది.

చివరికి పొరుగు రైతు చూశాడు.

"ఏం సామీ, కంటి కింద అదేమి ఉండాది?"

పెదనాన్న తడిమి చూసి, "సుడుల పుస్తకం తేమ్మా" అని నాతో అన్నారు. ఆ పుస్తకం నేను దొంగచాటుగా ఎన్నిసార్లు చదివానో. కన్నీటి సుడి గురించి ఉన్న పుట తెరిచే ఇచ్చాను. ఆయన చదివి, మెల్లగా మూసేశారు.

"శాస్త్రం నాటు గుర్రాలకప్పా. దీని మొగం సీమది. సీమ సగానికి మన శాస్త్రం చెల్లదు."

"మరి కాళ్ళకు?"

"కాళ్ళు మనవే. చెల్లుతాది. కాళ్ళమీద సుడి యాడుండాది, చూపించు!"

రైతు వంగి నాలుగు కాళ్ళూ శ్రద్ధగా చూశాడు.

"నా గుర్రం మొగం గూడా సీమదని ఆ పొద్దే చెప్పింటే, చింతామణి నుంచి నడిచొచ్చే పని తప్పుతాండె గదా సామీ."

పెదనాన్న ఆడిన ఆ అబద్ధానికి లోలోపల సంతోషించినదాన్ని, ఆయన ముఖం చూడలేక లోపలికి వెళ్ళిపోయాను. గుర్రప్పిల్ల మా కొట్టంలోనే ఉండిపోయింది. సుడి చూపించుకోవడానికి మాత్రం మా గుమ్మం ముందుకు మరో గుర్రం రాలేదు.