తేలికైన నలభైనాలుగు

ఎల్రాయ్ హల్వర్సన్ జీవితంలో తుపాకీ గొట్టం పెరగడమే గానీ తగ్గడం లేదు. చిన్నప్పుడు తండ్రి చేతిలో పెట్టింది ఉడతల్ని కొట్టే ఇరవైరెండు నంబరు తుపాకీ. పెళ్లినాటికి ముప్పైఎనిమిది. రోడ్ల మీద మంచు తోసే లారీ ఉద్యోగం పర్మనెంటయ్యాక నలభైనాలుగు మాగ్నమ్. లోకంలో వయసు మీద పడితే కళ్లజోడు నంబరు పెరుగుతుంది. మా మోంటానా కొండల్లో తుపాకీ నంబరు, అంటే గొట్టం వెడల్పు, పెరుగుతుంది. ఇన్ని తుపాకులతో ఎల్రాయ్ చంపిన ఎలుగులు సున్నా. ఆ సున్నా తన తుపాకీ మహిమేనని అతని నమ్మకం.

ఆ నమ్మకానికి ఒక పదవి కూడా ఉంది. ఏటా ఆగస్టులో లూథరన్ చర్చి ఆడవాళ్లు, పళ్లు కూరి కాల్చే ‘పై’ రొట్టెల అమ్మకం కోసం కొండెక్కి హకిల్‌బెర్రీ పళ్లు కోస్తారు. ఆ పళ్ల మీద మొదటి హక్కు గ్రిజ్లీ ఎలుగులది. అందుకని తుపాకీ ఉన్న మగాడొకడు కాపలాకి వెళ్లాలి. చాలా ఏళ్లుగా ఆ మగాడు ఎల్రాయే. చేసే పని మొద్దు మీద నిలబడటం. దక్కేది అమ్మకం రోజున మొదటి ‘పై’ ముక్క, దాంతోపాటు “మా ఎల్రాయ్” అనే పిలుపు. రిటైరైన మనిషికి మా ట్విన్ ఫోర్క్ ఊళ్లో అంతకు మించిన హోదా లేదు. మేయరైనా ‘పై’ ముక్క కొనుక్కునే తినాలి.

పోయిన ఆగస్టులో ఆ హోదాకి బీట పడింది. పాత నలభైనాలుగు నిలువెల్లా ఉక్కు. పొద్దున్నుంచి తుంటిని లాగేసింది. ఎల్రాయ్ కాసేపు కూర్చుందామని కింద బండిలోకి వెళ్లాడు. తుపాకీ సీటు మీద పెట్టాడు. నిద్రపోయాడు. పైన ఒక కుర్ర గ్రిజ్లీ తాపీగా వచ్చి, మార్వెల్ గారి బకెట్లో మూతి పెట్టి, పొద్దుటి కోతంతా తిని, మూతి నాక్కుంటూ పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఎల్రాయ్‌కి తప్ప. మార్వెల్ పాస్టరుగారి భార్య, ఆయన పోయాక చర్చి ఆడవాళ్లకి పెద్దదిక్కు. ఆవిడ అన్నది ఒకే మాట: “వచ్చే ఏడు సంగతి ఆలోచిద్దాం.” మా లూథరన్ భాషలో ఇది పీకేయడానికి మర్యాద రూపం.

అప్పటిదాకా చర్చి గుమ్మం తొక్కని టైర్ల కొట్టు రాడ్నీ పెల్కీ, మరుసటి ఆదివారమే పాటల పుస్తకం పట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. నడుముకి ఐదువందల మాగ్నమ్ కట్టుకుని మరీ.

ఇక ఎల్రాయ్ కొత్త తుపాకీ కొనక తప్పలేదు.

మాకు తుపాకీ ఒక మతమని బయటివాళ్లు అంటారు. తప్పు. మతానికైతే ఆదివారం పూట ఒక గంట సరిపోతుంది. తుపాకుల కొట్టు కౌంటరు ముందు నిలబడ్డ ప్రతివాడూ తాను స్వేచ్ఛనో, రాజ్యాంగాన్నో, తాతల వారసత్వాన్నో కొంటున్నానని చెబుతాడు. నిజానికి కొనేది పక్కింటివాడి దానికంటే పెద్దది.

“ఏం చూపించమంటావు?” అన్నాడు కొట్టు యజమాని లైల్, కాఫీ పోస్తూ.

“పెద్దది. తేలికది.”

“కాలిస్తే వెనక్కి తన్ననిది కూడానా?”

“తన్నితే తన్నుతుంది. నేనేమన్నా గాజుబొమ్మనా?”

“కాదులే. ఆ మణికట్టుకి చలికాలంలోనేగా ఆపరేషనయింది?”

“తుపాకీ చూపించమంటే నా మణికట్టు చూస్తావేంటి? దానికేమన్నా పెళ్లిచూపులా?”

కాఫీ కోసమే కొట్టుకొచ్చే ముసలాళ్లు బెంచీ మీద కిసుక్కుమన్నారు. ఒకడు లేచి, “ఐదువందలు తీసుకో. ఎలుగుకి ఒక్కటి చాలు,” అన్నాడు. ఇంకొకడు, “దాన్ని మొయ్యడానికి ఇంకో ఎలుగు కావాలి,” అన్నాడు.

ఎల్రాయ్ ఐదువందలు చేతిలోకి తీసుకున్నాడు. గొట్టం ముందుకు ఒరిగింది. తుంటికి నిరుటి నొప్పి గుర్తొచ్చింది. కింద పెట్టేశాడు. లైల్ మధ్యరకం ఉక్కు రివాల్వరొకటి ముందుకు జరిపాడు. మూడువందల యాభైఏడు, పొట్టి గొట్టం. “ఎలుగుకీ సరిపోతుంది, నీకూ సరిపోతుంది.” విందుకొచ్చినవాడి ముందు గంజి పెట్టినట్టు ఎల్రాయ్ దానివైపు చూశాడు. అంకె పెద్దదే గానీ, గొట్టం వెడల్పు పెళ్లినాటి ముప్పైఎనిమిది ఎంతో ఇదీ అంతే! చివరిదాకా వచ్చి మొదటికి పోవడమా?

అప్పుడు కంటబడింది. బూడిదరంగు చట్రం, నలభైనాలుగు మాగ్నమ్. చేతిలో పెట్టుకుంటే ఏమీ లేనట్టే ఉంది.

“ఇది.”

“ఇది పిట్ట కొంచెం కూత ఘనం రకం, ఎల్రాయ్. తీసుకుంటే తీసుకో, కానీ నువ్వు ఇంట్లో కట్టే బరువు తూటాలు ఇందులో పెట్టకు. కంపెనీవి తేలికవి ఉన్నాయి, అవి వాడు.”

“నేను తూటాలు కట్టడం మొదలెట్టేనాటికి నువ్వు పాలసీసా వదల్లేదు.”

ఈ మాటతో బేరం ముగిసింది. ఎల్రాయ్ పతనమూ అక్కడే మొదలైంది. ఎందుకంటే కంపెనీ తూటా వాడటమంటే మావాళ్ల దృష్టిలో హోటల్ కూర తెచ్చి మా ఇంటి వంటేనని వడ్డించడం. ప్రతి గరాజులో ఒక బల్ల ఉంటుంది. ఇత్తడి తొడుగులో మందు పోసి, సీసపు గుండు కూర్చి, అంచు నొక్కి బిగించి, మగాళ్లు చలికాలమంతా గడిపేస్తారు. పెళ్లాలు అభ్యంతరపెట్టరు. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. ఎల్రాయ్ ఆ రాత్రే పాత తుపాకీకి కట్టే బరువైన గుండ్లనే కొత్తదానికీ కట్టాడు. బిగించే మర పిడి నొక్కినప్పుడల్లా మణికట్టు చురుక్కుమంది. సగం సగం నొక్కాడు.

“దీనికంటే ఎలుగుల్ని తరిమే కారం స్ప్రే డబ్బా ఒకటి నడుముకి కట్టుకుంటే పోదా?” అంది భార్య ఆర్డిస్, తలుపు దగ్గర నిలబడి.

“ఎలుగు ముందుకెళ్లి కారం చల్లుతానా? నేనేమన్నా పులుసు పెడుతున్నానా?”

“నా దగ్గరైతే ఒకటుంది.”

“నీకెందుకు? నీకు నేనున్నాగా.”

“పోయినేడు నువ్వు బండిలో ఉన్నావు.”

ఎల్రాయ్ ఇంకో తొడుగు అందుకుని మర పిడి నొక్కాడు.

ట్విన్ ఫోర్క్‌లో కొత్త తుపాకీకి నామకరణం జరగాలి. ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ ఊరవతల కంకర గోతికి వెళ్తారు. గట్టుకి ఆనించిన తుప్పు పొయ్యి మీద సొంతదారు తుపాకీలోని తూటాల చక్రం ఖాళీ అయ్యేదాకా కాల్చాలి. తర్వాత వచ్చినవాళ్లు తలా ఒక గుండు కాలుస్తారు. గోతికి రాని తుపాకీ ఊరి లెక్కలో లేనట్టే. ఆ ఆదివారం మార్వెల్ కూడా మడతకుర్చీ తెచ్చుకుని కూర్చుంది. కాపలా ఎవరికన్నది ఆవేళే తేల్చాలి.

ముందు రాడ్నీ తన ఐదువందలు కాల్చాడు. ఒక్కటే. పొయ్యి తలుపు ఊడింది. తుపాకీ ఎగిరి రాడ్నీ నుదుటినే ముద్దుపెట్టుకుంది. “ఒక్కటి చాలు,” అంటూ నెత్తురు కనిపించకుండా టోపీ కిందికి లాక్కున్నాడు.

ఎల్రాయ్ ముందుకొచ్చాడు. మొదటి గుండు పొయ్యికి తగిలింది. తుపాకీ ఆకాశం వైపు తిరిగింది. బొటనవేలి మొదట్లో చర్మం చీరుకుపోయింది. రెండోసారి కళ్లు మూసుకుని కాల్చాడు, గట్టు మీద దుమ్ము లేచింది. మూడోసారి మీట నొక్కితే కదల్లేదు. పళ్లు బిగించి నొక్కాడు. చక్రం తిరగనంది.

“ఏం అన్నోయ్,” రాడ్నీ గొంతు లేచింది, “ఎలుగుని కాస్త కూర్చోమను. సర్వీసింగుకిచ్చి వస్తానని చెప్పు!”

లైల్ వచ్చి, గొట్టం నేలవైపు పట్టుకుని, చక్రం ముందువైపు చూపించాడు. కాల్చని తూటాల గుండ్లు తొడుగుల్లోంచి జారి ముందుకు పొడుచుకొచ్చాయి. తేలిక తుపాకీ వెనక్కి తన్నినప్పుడల్లా తొడుగులు దాంతోపాటు వెనక్కి పోయాయి. సగం బిగించిన బరువు గుండ్లు మాత్రం ఉన్నచోటే మొండికేశాయి. అవే ఇప్పుడు చట్రానికి అడ్డుపడ్డాయి. పాత ఉక్కు తుపాకీ తన బరువుతో ఇన్నాళ్లూ భరించిన తప్పుని కొత్తది రెండు గుండ్లకే బయటపెట్టింది.

“మందు తేడా,” అన్నాడు ఎల్రాయ్. “ఈమధ్య మందు మంచిది రావట్లేదు.” ఆడలేనివాడికి మద్దెల ఎప్పుడూ ఓడే.

నవ్వులు సద్దుమణిగేదాకా మార్వెల్ ఆగింది. “ఎల్రాయ్, కాపలాకి నువ్వే రా. ఆ వస్తువు మాత్రం ఇంట్లో పెట్టి రా.”

“తుపాకీ లేకుండా కాపలా ఏంటి, మార్వెల్ గారూ?”

“ఇన్నేళ్లూ ఎలుగు ఎందుకు రాలేదనుకున్నావు?”

“భయపడి.”

“విసుగొచ్చి. కొండెక్కింది మొదలు దిగేదాకా నీ నోరు మూతపడదు. ఏ గుండు ఎంత లోతు దిగుతుందో, ఏ గొట్టం ఎంత పొడుగుండాలో. మాకు పళ్లు కావాలి గనక విన్నాం. ఎలుగుకేం ఖర్మ? పక్క కొండకి పోయింది. నిరుడు నువ్వు నిద్రపోయావు, కొండ సద్దుమణిగింది, అది వచ్చింది.”

ఎల్రాయ్ భార్యవైపు చూశాడు. ఆర్డిస్ తన బూట్లవైపు చూసుకుంటోంది. “నీకు తెలుసా?”

“మా అందరి దగ్గరా స్ప్రే ఉంటుందిలే,” అంది ఆర్డిస్. “ఎప్పట్నించో.”

ఆగస్టొచ్చింది. ఎల్రాయ్ కొండెక్కాడు, నడుముకి ఖాళీ తోలు ఒర కట్టుకుని. ఎక్కేముందే ఒక నిర్ణయం తీసుకున్నాడు: నోరు విప్పడు. వాళ్లకి కావలసింది చప్పుడైతే గిన్నెలు వాయించుకోమను. మొద్దు మీద మౌనవ్రతం పట్టినవాడిలా నిలబడ్డాడు. పళ్లు బకెట్లలో టపటపా పడ్డాయి. కాసేపటికి ఆ టపటపలు పలచబడ్డాయి. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆర్డిస్ చెయ్యి డబ్బా మీదికి పోయింది.

కింద పొదల్లో కొమ్మ విరిగింది.

ఎల్రాయ్ చెయ్యి దానంతటదే ఒరలోకి పోయింది. తోలు తప్ప ఏమీ తగల్లేదు. పొద ఊగింది, ఆగింది, ఈసారి దగ్గరగా ఊగింది.

“ఎల్రాయ్,” అంది ఆర్డిస్ మెల్లగా. “నీకు దణ్ణం పెడతా, ఏదో ఒకటి మాట్లాడు.”

అతను ఒరలోంచి చెయ్యి తీశాడు. “అసలు ముప్పైఎనిమిదికీ నలభైనాలుగుకీ తేడా ఎక్కడొస్తుందంటే...”

“గట్టిగా,” అంది మార్వెల్.

“తేడా ఎక్కడొస్తుందంటే!” అని అరిచాడు ఎల్రాయ్.

పొద వెనక బరువైనదేదో ఉఫ్‌మని ఊపిరి వదిలి, కొమ్మలు తొక్కుకుంటూ పక్క కొండవైపు పోయింది. ఎల్రాయ్ ఆపలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి ఐదువందల మాగ్నమ్ దాకా వచ్చాడు. బకెట్లు నిండాయి.