కాంపిటెంట్ అనే మాటకు అర్థం చూపిన యూసుఫ్ చాచా

నయాపూల్ దగ్గర నలభై ఏండ్లు దరఖాస్తులు టైపు చేసిన యూసుఫ్ చాచా శుక్రవారం ఉదయం కన్నుమూసిండని, గుడిమల్కాపూర్ మార్కెట్ల కలిసిన ఆయన కోడలు చెప్పింది. పూలసంచి కింద పెట్టి ఆమె చేతులు పట్టుకున్న. మొన్ననే ఫోన్ల "ఫికర్ జేయకు బిడ్డా" అన్న ఆ గంభీర స్వరం మూగబోయిందంటే మనసు ఒప్పలేదు.

నేను బడి మెట్లెక్కినదాన్ని కాదు. అమ్మ చెప్పిన స్తోత్రాలే నా విద్యాభ్యాసం. ఇరవై రెండేండ్లకు పదో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాయాలని సంకల్పించిన. ఇంట్ల పుట్టినదాన్ని, పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదు. అది నెలలోపల రాకుంటే పరీక్ష ఆశ వదులుకోవలసిందే.

దరఖాస్తు నేనే రాసుకొని చాచా దగ్గరికి పోయిన. దేవుణ్ణి ముందు నామాలతో కీర్తించి, తర్వాతే కోరిక విన్నవించాలని అమ్మ నేర్పింది గద! పెద్ద అధికారికి గూడ దయాసాగరా, దీనబంధూ అని పది విశేషణాలు పెట్టిన. చాచా ముసిముసిగ నవ్వి, "ఆయన గిదంత చదివేసరికి నీ మనుమరాలు పరీక్ష రాస్తది" అన్నడు. అన్నీ కొట్టేసి ఒక్కటే పెట్టిండు: కాంపిటెంట్.

నిఘంటువుల దానికి సమర్థుడు అని అర్థం. కాగితాల లోకంల మాత్రం, ఆ పని చేసే హక్కు చట్టం ఎవరికిచ్చిందో వాళ్లకే ఆ మాట చెల్లుతదని ఆయన బోధ. "పెద్ద కుర్చీ వేరు, కాంపిటెంట్ వేరు బిడ్డా. దర్వాజ ఎంత పెద్దగున్నా తెరిచేది చాబీ ఉన్నోడే."

ఆ దరఖాస్తే మూడు వారాలకు తిరిగొచ్చింది. గిది మా పని కాదు, రాసిచ్చినోణ్ణే అడుగుపో అని గుమస్తా ఎగతాళి చేసిండు. కండ్లనీళ్లతో పోతే, తిరిగొచ్చిన కాగితం చదివి, వరుసల నిలబడ్డ అందరి ముందట చాచా లేచిండు.

"తప్పు బిడ్డది కాదు, నాది. ఆ అధికారం ఇంకో ఆఫీసుకు పోయిందట. అడిగి తెలుసుకోకుండ టైపు కొట్టిన."

మిషన్ మీద గుడ్డ కప్పి, నా వెంట నడిచిండు. రెండు ఆఫీసులు తిరిగి, వాకిట్ల బంట్రోతులను గూడ అడిగి, చివరికి ఒక చిన్న గదిల ఉన్న అధికారి పేరిట చేత్తోనే కొత్త దరఖాస్తు రాసిచ్చిండు. గడువుకు ముందురోజు సంతకమైంది. పరీక్ష రాసిన, పాసైన.

విద్యకు వినయమే ఆభరణమని చదువుకున్న. అంత అనుభవజ్ఞుడు పదిమందిల తన పొరపాటు ఒప్పుకున్నప్పుడే దాన్ని కండ్లార చూసిన.

ఇప్పుడు మా వసారాల బడికి పోని ఆడవాళ్లకు చదువు చెప్తున్న. ఈ ఏడాది ముగ్గురు పరీక్షకు కూర్చుంటున్నరు. చాచా వంటి మనిషి నయాపూల్‌కు మళ్ల దొరకడు. ఆయనను నాకు చూపిన భగవంతునికి చేతులెత్తి మొక్కుతున్న. ఈ ముగ్గురి కాగితాలు ఎవరికియ్యాలో నాకింకా తెల్వదు. రేపు పొద్దున నలుగురం కలిసి ఆఫీసులల్ల అడగబోతున్నం.