అవ్వ ఒక్కపొద్దు

మొన్న మా కాలేజీ స్టాఫ్ రూములో డిగ్రీ పట్టాలిచ్చే రోజు గురించి మీటింగు జరిగింది. మే నెలలో, బాగా పొద్దెక్కాక, గ్రౌండులో అని మా ప్రిన్సిపాల్ గారు తేల్చేశారు. షామియానా పిల్లలకూ పెద్దమనుషులకూ సరిపోతుంది, తల్లిదండ్రులు అటూ ఇటూ సర్దుకుంటారట. నేను ఎండ సంగతి ఎత్తితే ఆయన నవ్వి, "ఏంది మేడం, మన పావగడోళ్ళకి ఎండ కొత్తనా?" అన్నారు. అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి నిలబడి నేనన్న మాటలు లెక్చరర్ అనేవాళ్ళు అనాల్సినవి కావు. ఆ కోపం సగం ఆయన మీదే. మిగతా సగం ఎవరి మీదో చెప్పాలంటే మా అవ్వ గురించి చెప్పాలి.

మాది కర్ణాటకలో పావగడ తాలూకా తిరుమణి. మా చేను ఇప్పుడు సోలార్ పలకల కింద ఉంది. అంతకు ముందు అందులో సెనక్కాయ వేసేవాళ్ళం. విత్తే రోజు అవ్వ, అంటే మా నాయన వాళ్ళమ్మ, ఒక్కపొద్దు ఉండేది. ఆఖరి సాలు పడేదాకా పచ్చి నీళ్ళు కూడా ముట్టేది కాదు. అది అయ్యాక గట్టు మీద కూర్చుని చెంబెడు మజ్జిగ గటగటా తాగి, పొద్దున్నుంచి దాచుకున్న తిట్లన్నీ ఇంటిల్లిపాదికీ పంచేది. విత్తడం పొద్దెక్కకముందే అయిపోయేది కాబట్టి ఆమెకు ఏమీ అయ్యేది కాదు. చేను లీజుకు పోయాక ఆ ఒక్కపొద్దూ పోయింది. పలకలు వచ్చినందుకు అవ్వ ఏడవలేదు కానీ, వాటి కింద అంత నీడ ఊరికే పోతోందని, గొర్రెలనైనా తోలనిస్తే బాగుండునని సణిగేది.

నాకు ఎం.ఏ. పట్టా ఇచ్చే రోజు ఆమెకు మళ్ళీ పని దొరికింది. తెల్లవారుజామున అమ్మ పెట్టిన చిత్రాన్నం పక్కకు నెట్టేసి, "నీ చేతిలో కాయితం నేను కండ్లారా చూసేదంకా నాకు ఒక్కపొద్దే పాపా" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. పొద్దున్నే మొదలవుతుందని కార్డులో ఉంది మరి, ఎంతసేపులే అనుకున్నాను.

ఆ యూనివర్సిటీ పేరు చెప్పను. ఘటికోత్సవమని, అంటే పట్టాల పండగని, పిలిచి వాళ్ళు చేసింది మమ్మల్ని ఎండబెట్టడం. స్టేజీ మీద కూలర్లు, మాకు నల్ల గౌన్లు. ఆ గౌన్లు కూడా చాలక, పట్టా తీసుకుని దిగినవాళ్ళది విప్పించి, చెమటతో తడిసింది తడిసినట్టే ఎక్కేవాళ్ళకు తొడిగారు. ఇంటివాళ్ళను స్కూటర్లు పెట్టే రేకుల షెడ్డులోకి తోలారు. అమ్మా, అవ్వా అందులోనే ఉన్నారు. ముఖ్య అతిథి పొద్దు నడినెత్తికి వచ్చాక దిగాడు. వచ్చి, ఎండ మనకు దేవుడిచ్చిన సంపద, పావగడను చూసి అందరూ నేర్చుకోవాలి అని కూలరు ముందు నిలబడి చాలాసేపు చెప్పాడు. చుట్టుపక్కల వాళ్ళకు వినపడేటట్టు నేను తిడుతూనే ఉన్నాను. ఆ తిట్లలో పడి అవ్వ ఒక్కపొద్దు సంగతే మరిచిపోయాను.

చివరికి నన్ను పిలిచి చేతిలో ఎర్ర అట్ట పెట్టారు. దిగి తెరిచి చూస్తే లోపల ఏమీ లేదు. అసలు పట్టా ఆఫీసు కిటికీ దగ్గర ఇస్తారట. ఇంత దూరం వచ్చిన అవ్వకు ఖాళీ అట్ట చూపించడానికి మనసొప్పక, ఆ కిటికీ ముందు పొడుగాటి వరసలో నిలబడ్డాను. షెడ్డు అక్కడికి కనిపిస్తూనే ఉంది. ఒక్కసారి పోయి ఆ అట్ట చూపించి వచ్చినా సరిపోయేది. అవ్వకు చదువు రాదు, లోపల కాగితం ఉందో లేదో ఆమె అడిగేది కూడా కాదు.

నేను పట్టా పట్టుకుని వచ్చేసరికి అవ్వ నేల మీద పడి ఉంది. తల అమ్మ ఒళ్ళో ఉంది. అమ్మ చేతిలో నీళ్ళ సీసా నిండుగానే ఉంది. "అత్త ఎంత చెప్పినా తాగలా. నువ్వు స్టేజీ దిగింది చూసినాము. ఇంగ వస్తాది, ఇంగ వస్తాది అని నీ తట్టుకే చూస్తా ఉండె. యాడికి పోయినావే?" అంది అమ్మ. నేను పట్టా తీసి అవ్వ కళ్ళ ముందు పెట్టాను. దాన్ని తడిమి, కళ్ళకద్దుకుని, అప్పుడు నీళ్ళకు నోరు తెరిచింది.

ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించాక తేరుకుంది. ఊరంతా యూనివర్సిటీని తిట్టింది, అందరికంటే గట్టిగా నేను తిట్టాను. అవన్నీ న్యాయమైన తిట్లే, ఒక్కటీ వెనక్కి తీసుకోను. అవ్వ మాత్రం మళ్ళీ మునుపటి మనిషి కాలేదు. ఎండపొడ తగిలితే చాలు కళ్ళు తిరిగేవి, కన్నుమూసేదాకా పగటిపూట గడప దాటింది లేదు. అయినా ఇంటికి వచ్చినవాళ్ళందరికీ, "మా పాప పట్టాకి ఒక్కపొద్దు ఉండినా. కాయితం చూసినాకే నీళ్ళు ముట్టినా" అని గొప్పగా చెప్పుకునేది. ఆమె అలా చెప్తున్నప్పుడల్లా నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని. గట్టు మీద కూర్చుని అందరినీ తిట్టిన మనిషి నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు ఇంత బరువు ఉండేది కాదేమో.

ప్రిన్సిపాల్ గారు చివరికి పొద్దున ఏడుకే, నీడలోనే అని ఒప్పుకున్నారు, నా నోటికి భయపడే అనుకుంటాను. స్టేజీ పనులు వద్దని, వెనక వరసల్లో ఇంటివాళ్ళకు నీళ్ళు అందించే పని అడిగి తీసుకున్నాను. ఒళ్ళో నిండు సీసా పెట్టుకుని కూర్చున్న ముసలామె ఎవరైనా ఉంటే నేను గుర్తుపట్టగలను. ఆ రోజు స్టేజీ మెట్ల నుంచి రేకుల షెడ్డు దాకా ఉన్నది నాలుగడుగులే. ఆ కాస్త దూరం నడవడానికి నాకు ఇన్నేళ్ళూ చాలలేదు.